గుమ్మడి నర్సయ్య ఇల్లందులో ఐదుసార్లు ఎలా గెలిచారు? సైకిల్ కథ చెప్పని లెక్క

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెప్తాను. ఇల్లందు నుంచి ఐదుసార్లు శాసనసభకు ఎన్నికైన గుమ్మడి నర్సయ్య గారు నిరాడంబరంగా బతకడం వల్లే గెలుస్తూ వచ్చారా, అదే నిజమైతే 2009 నుంచి అదే మనిషి అదే బతుకుతో ఎందుకు గెలవలేకపోయారు, డబ్బు లేని మనిషికి ఈనాడు అటువంటి రాజకీయ జీవితం సాధ్యమేనా అన్నవి మీరు అడిగినవి. ఆయన జీవితంపై సినిమా తీస్తున్నారన్న వార్త వచ్చిన తరువాత ఈ ప్రశ్న చాలామంది నోట వింటున్నాను. ఉమ్మడి ఖమ్మం జిల్లా ఎన్నికలను పాత్రికేయుడిగా చాలా ఏళ్ళు దగ్గరనుంచి చూసిన అనుభవంతో నాకు తోచిన సమాధానం ఇది. ఆయనను గెలిపించింది ఎమ్మెల్యేగా ఉంటూ కూడా తొక్కిన సైకిల్ కాదు, ఊరూరా పాతుకున్న ఒక సంఘ నిర్మాణం. ఆ సైకిలూ, ఆర్టీసీ బస్సు ప్రయాణాలూ, పార్టీకి అప్పగించిన జీతమూ ఆ నిర్మాణం తన సభ్యుడి నుంచి ఆశించిన క్రమశిక్షణలో భాగం. నిర్మాణం బలంగా ఉన్నంతకాలం మనిషి గెలిచారు, అది సడలినప్పుడు మనిషి మారకపోయినా సీటు నిలవలేదు.

ముందు ఆయన ఎన్నికల చిట్టా చూద్దాం, ఎందుకంటే సామాజిక మాధ్యమాల్లో ఇది తరచు తప్పుగా కనిపిస్తుంది. ఆయన గెలిచినవి 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికలు. 1994లో ఓడిపోయారు, 2009లో ఓడిపోయారు, ఆ తరువాత తిరిగి సభలోకి రాలేదు. కనుక వరుసగా ఐదుసార్లు అన్నది సరికాదు. మూడుసార్లు వరుసగా, ఐదేళ్ళ విరామం తరువాత మరి రెండుసార్లు అనాలి. రెండు దఫాలూ కలిపితే ఇరవై ఒక్క ఏళ్ళకు పైగా ఆయన సభ్యుడు. ఆ కాలంలో ఎన్టీ రామారావు, నాదెండ్ల భాస్కరరావు, మర్రి చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, వైఎస్ రాజశేఖరరెడ్డి అని ఏడుగురు ముఖ్యమంత్రులు మారారు, ఆయన మాత్రం ఒక్కరి పక్షాన కూడా అధికార బెంచీల మీద కూర్చోలేదు.

ఈ చిట్టాలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది సంవత్సరాల వరుస. 1983 అంటే రాష్ట్రమంతా తెలుగుదేశం ప్రభంజనం. 1985లో అదే గాలి మళ్ళీ వీచింది. 1989లో గాలి తిరగబడి కాంగ్రెస్ వచ్చింది. 1999లో తెలుగుదేశం, 2004లో కాంగ్రెస్. ఈ ఐదు గాలుల్లోనూ ఇల్లందు తన దారిన తాను పోయింది. వ్యక్తి మంచితనం ఒకటి రెండు ఎన్నికల్లో గాలికి ఎదురు నిలవడం నేను చూశాను, ఐదింటిలో నిలవడం మాత్రం చూడలేదు. దాని వెనుక ఊరూరా పనిచేసే యంత్రాంగం ఉండి తీరాలి.

ఆ యంత్రాంగం ఏమిటో తెలియాలంటే ఇల్లందు నేల తెలియాలి. అక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ ఆ ఊరిని బొగ్గుట్ట అనే అంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే తరువాత కంపెనీ పేరైంది. ఒకవైపు ఆ గనులూ, గని కార్మికుల వాడలూ, మరోవైపు అడవి అంచున కోయ గూడేలు, లంబాడా తండాలు, వాటి మధ్య మెట్ట పొలాల్లో కూలి చేసుకునే జనం, ఇదీ నియోజకవర్గం. గిరిజనులకు రిజర్వు అయిన స్థానం. నర్సయ్య గారిది సింగరేణి మండలంలోని టేకులగూడెం, ఆయన కోయ కుటుంబంలో పుట్టిన మనిషి.

ఇటువంటి చోట మనిషికి రోజూ ఎదురయ్యే ప్రభుత్వం ఫారెస్టు గార్డు రూపంలో ఉంటుంది. అడవి నరికి పోడు కొట్టుకుని సాగు చేసుకుంటున్న భూమికి కాగితం ఉండదు, కేసు మాత్రం ఉంటుంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి నిబంధనలు, వాటిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటిబై డెబ్బై చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆ భూమి ఎవరి చేతిలో ఉందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎండాకాలం వస్తే బీడీలు చుట్టే తునికాకు సేకరణ. యాభై ఆకుల కట్టకు ఎన్ని పైసలు ఇస్తారన్నది ఆ ఏటి ఇంటి ఖర్చును నిర్ణయిస్తుంది. సీజనుకు ముందు రేటు పెంచాలని సమ్మె చేయడం, కాంట్రాక్టరును కూర్చోబెట్టి మాట్లాడించడం, పెంచిన రేటు కల్లం దగ్గర నిజంగా అందుతోందో లేదో చూడడం, ఇవన్నీ చేసింది నక్సలైటు సంప్రదాయానికి చెందిన వామపక్ష సంఘాలు. చండ్ర పుల్లారెడ్డి నాయకత్వంలో ఎన్నికలను కూడా ఒక పోరాట రూపంగా వాడుకోవచ్చని భావించిన ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పాయ ఇక్కడ పనిచేసింది. తరువాతి కాలంలో న్యూ డెమోక్రసీగా జనానికి తెలిసింది ఆ సంప్రదాయమే. నర్సయ్య గారు ఆ పార్టీ నిలబెట్టిన అభ్యర్థి.

ఇక్కడ ఓటు అనేది అయిదేళ్ళకొకసారి అడిగి తీసుకునే వస్తువు కాదని గమనించండి. కూలి రేటు పెంచే సమ్మెలో, పోడు భూమి దగ్గర ఫారెస్టు వాళ్ళను ఆపిన రోజున, ఊరి పంచాయితీలో సంఘం ముందు కూర్చున్నప్పుడు ఆ ఓటు అప్పటికే పడిపోయి ఉంటుంది. పోలింగు రోజు జరిగేది లెక్క తేల్చడమే. అందుకే గోడ రాతలు, కరపత్రాలు, ఊరికి పది మంది కార్యకర్తలు తప్ప మరేమీ లేకుండా ఆయన పోటీ చేయగలిగారు. డబ్బు అవసరం లేకపోవడానికి కారణం, డబ్బు చేసే పనిని సంఘం ముందుగానే చేసి ఉండడం.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా దాటవేసే ఒక విషయాన్ని నేను దాటవేయదలచుకోలేదు. ఆ రోజుల్లో ఆ పార్టీకి బహిరంగ సంఘాలతో పాటు అడవిలో సాయుధ దళాలు కూడా ఉండేవి. దళాల ఉనికి గ్రామాల్లో ఓటుపై ప్రభావం చూపలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భూస్వామికీ కాంట్రాక్టరుకూ భయం ఉన్నచోట కూలివాడికి ధైర్యం వస్తుంది, కొన్నిచోట్ల ఆ భయం మామూలు జనం దాకా కూడా పాకుతుంది. అయితే భయమే గెలిపించిందన్న వాదన కూడా లెక్కకు నిలవదు. 1994లోనూ దళాలు ఉన్నాయి, ఆయన ఓడిపోయారు. రహస్య ఓటు పెట్టె దగ్గర జనం తమకు నచ్చినట్టు చేయగలరనడానికి ఆ ఓటమే రుజువు.

1994 గురించి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆయన రాజకీయ జీవితానికి అసలు తాళంచెవి గెలుపుల్లో కంటే ఈ ఓటమిలోనే ఉందని నా అభిప్రాయం. ఆ ఏడు తెలుగుదేశం, వామపక్షాలు కలిసి పోటీ చేశాయి. ఇల్లందులో ఆ కూటమి తరఫున గెలిచినవారు సీపీఐ అభ్యర్థి ఊకె అబ్బయ్య. ఆయన 1983లో పక్కనున్న బూర్గంపాడు నుంచి గెలిచిన మనిషి, ఆయనా గిరిజన నాయకుడే, ఆయన పార్టీకీ గనుల్లో బలమైన కార్మిక సంఘం ఉంది. అంటే నర్సయ్య గారికి ఎదురు నిలిచింది ఒక ధనవంతుడు కాదు, అదే నేలలో అదే ఎర్రజెండా కింద పెరిగిన మరో నిర్మాణం. దానికి తెలుగుదేశం ఓటు తోడైంది. మిగతా పార్టీలు విడివిడిగా ఓట్లు పంచుకున్నప్పుడు సంఘం ఓటు ఒక్కటిగా నిలబడి గెలిచేది, అవతలి ఓట్లు ఒక్కచోటికి చేరినప్పుడు అది చాలేది కాదు. 2009లో మళ్ళీ ఇదే జరిగింది. అప్పుడు తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎంలు మహాకూటమి కట్టాయి. గెలిచినది అదే ఊకె అబ్బయ్య, ఈసారి తెలుగుదేశం అభ్యర్థిగా. ఒక నియోజకవర్గంలో పదిహేనేళ్ళ తేడాతో ఒకే మనిషి చేతిలో రెండుసార్లు ఓడిపోవడం, రెండుసార్లూ ఎదుటి పక్షాన కూటమి ఉండడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇక శాసనసభలో ఆయన ఏమి చేయగలిగారన్న విషయానికి వస్తాను. రికార్డుల్లో ఆయన పేరు పక్కన స్వతంత్రుడు అని కనిపిస్తే చాలామంది పార్టీ లేని మనిషి అనుకుంటారు. అది పొరపాటు. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం గుర్తింపు పొందని పార్టీలకు సొంత గుర్తు ఉండదు, ఎన్నిక ఎన్నికకూ ఖాళీగా ఉన్న గుర్తుల్లోంచి ఒకటి తీసుకోవాలి. చదువు అంతంతమాత్రంగా ఉన్న గూడేల్లో ఎన్నికకో కొత్త గుర్తును పోలింగుకు రెండు వారాల ముందు ఇంటింటికీ నేర్పడం ఎంత పనో, హస్తం, సైకిల్ గుర్తుల మీద గెలిచేవారికి తెలియదు. (సైకిల్ తెలుగుదేశం గుర్తు కాబట్టి, సైకిల్ ఎమ్మెల్యేగా పేరుపడిన మనిషి సైకిల్ గుర్తుకు ఎదురుగా పోటీ చేయవలసి రావడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది.) స్వతంత్రుడిగా నమోదు కావడంలో ఇంకో చిక్కు ఉంది. 1985 నుంచి అమలులో ఉన్న రాజ్యాంగ పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం స్వతంత్రంగా గెలిచిన సభ్యుడు తరువాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది.

294 మంది ఉన్న సభలో ఒంటరి సభ్యుడికి ఎంత చోటు ఉంటుందో బయటివాళ్ళకు అంచనా ఉండదు. చర్చల్లో సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కనుక ఆయన వంతుకు వచ్చేది రెండు మూడు నిమిషాలే. మైకు ఆగిపోయేలోపు చెప్పవలసింది చెప్పేయాలి. అయినా ఒంటరి సభ్యుడికి ఎవరూ తీసేయలేని ఆయుధం ఒకటి ఉంది, అది ప్రశ్న. నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో సమాధానం చెప్పాలి, ఆ సమాధానం కోసం ఫైలు సచివాలయం నుంచి జిల్లాకూ, జిల్లా నుంచి అటవీ రేంజి కార్యాలయానికీ దిగి రావాలి. రేంజరు బల్ల మీద శాసనసభ ప్రశ్న అని ఎర్ర సిరాతో రాసి ఉన్న కాగితం పడితే, ఆ వారం ఆ గూడెం మీదికి గార్డు వెళ్ళడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇటువంటి సీటు విలువ ప్రసంగాల్లో కంటే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది. ఎమ్మెల్యే స్వయంగా ఠాణాకు వస్తే ఎస్సై కుర్చీ వేయాలి, ఎమ్మార్వో కార్యాలయంలో అర్జీ తీసుకోవాలి. సంఘానికి అయిదేళ్ళపాటు ఆ కుర్చీ దొరకడమే పెద్ద లాభం. రోడ్లు, వంతెనలు, గురుకులాలు తేవడంలో మాత్రం ప్రతిపక్షంలోని ఒంటరి సభ్యుడు అధికార పార్టీ సభ్యుడితో పోటీ పడలేడు. ఇరవై ఏళ్ళు సభలో ఉండి ఇల్లందుకు ఏమి తెచ్చారని అడిగేవాళ్ళ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఆ సీటుతో ఆయన పార్టీ ఆశించింది వేరు కాబట్టి ఆ కొలతతో ఆయన తక్కువగానే తూగుతారు.

2009 తరువాత ఎందుకు గెలవలేదన్న మీ రెండో ప్రశ్నకు కూటమి ఒక్కటే కారణం అనను, అది ఆ ఒక్క ఎన్నికకు సరిపోతుంది. లోపల జరిగిన మార్పులు పెద్దవి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు పట్టా అడిగే హక్కు ఏర్పడింది. దశాబ్దాల పోడు పోరాటం కోరింది దాదాపు ఇదే, కాని పట్టా వచ్చిన తరువాత ఆ రైతుకు సంఘంతో పని తగ్గి, గ్రామసభతోనూ, ఐటీడీఏ అనే గిరిజనాభివృద్ధి సంస్థతోనూ, బ్యాంకుతోనూ పని పెరిగింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాలు పంచినప్పుడు ఆ పేరు పంచిన ప్రభుత్వానికి వచ్చింది, అంతకు ముందు నలభై ఏళ్ళు కేసులు మోసిన సంఘాలకు రాలేదు. గనుల వైపు చూస్తే, 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపులకు పడిపోయింది. ఇల్లందు చుట్టుపక్కల భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చాయి, అక్కడ యంత్రాలే ఎక్కువ, మనుషులు తక్కువ. యువకులు పొట్ట చేతబట్టుకుని ఖమ్మం, హైదరాబాదు పోయారు. సంఘానికి కార్యకర్త ఎక్కడి నుంచి వస్తాడు?

పార్టీలోని చీలికలు వేరే దెబ్బ. 2013లో న్యూ డెమోక్రసీ రెండుగా చీలింది, తరువాత మళ్ళీ చీలికలు వచ్చాయి. వందమంది కార్యకర్తలున్న ఊళ్ళో చీలిక వస్తే యాభై, యాభై మిగలరు, ఇరవై, ఇరవై మిగిలి అరవై మంది ఇంట్లో కూర్చుంటారు. నియోజకవర్గపు సరిహద్దులు కూడా మారాయి. ఆయన స్వగ్రామం ఉన్న సింగరేణి మండలం 2009 ఎన్నికలకు కొత్తగా ఏర్పడిన వైరా స్థానంలో ఉంది. ఇప్పటి ఇల్లందు స్థానంలో ఇల్లందు, టేకులపల్లి మండలాలు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనూ, బయ్యారం, గార్ల మండలాలు మహబూబాబాద్ జిల్లాలోనూ, కామేపల్లి ఖమ్మం జిల్లాలోనూ ఉన్నాయి. ఒక్క ఎమ్మెల్యే మూడు కలెక్టరేట్ల చుట్టూ తిరగాలి, ఆర్టీసీ బస్సులో అది ఎంతవరకు సాధ్యమో మీరే ఊహించండి. వీటన్నిటికీ తోడు, 1976 నాటి సవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరిన తరువాత క్రమంగా బలపడిన కోయ, లంబాడా పోటీ ఈ రిజర్వుడు స్థానంలో టికెట్ల పంపకాన్నే మార్చేసింది. వర్గం పేరుతో కూడగట్టిన ఓటు తెగ పేరుతో విడిపోతే మొదట నష్టపోయేది ఆయన పార్టీ లాంటిదే.

నియోజకవర్గం తరువాత ఎటు పోయిందో కూడా చూడండి. 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచిన కోరం కనకయ్య టీఆర్ఎస్‌లో చేరారు, 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచిన బానోత్ హరిప్రియ కూడా టీఆర్ఎస్‌లో చేరారు, 2023లో కనకయ్య మళ్ళీ కాంగ్రెస్ నుంచి గెలిచారు. ఈ మార్పులను నేను కేవలం వ్యక్తుల బలహీనతగా చూడను. సంఘం చేసే పనిని ప్రభుత్వ పథకం చేస్తున్నప్పుడు, పథకం నడిపే పార్టీకి దూరంగా ఉన్న ఎమ్మెల్యే ఊళ్ళో పలుచబడిపోతాడు. ఈ ఒత్తిడి నర్సయ్య గారిపై లేకపోవడానికి ఆయన గుణం ఒక కారణమైతే, ఆయన ఓటరు పథకం కోసం కాక పోరాటం కోసం ఓటు వేసినవాడు కావడం రెండో కారణం.

మూడో ప్రశ్న, డబ్బు లేకుండా నేడు సాధ్యమా అన్నది. చట్టం చెప్పే లెక్కలు చూస్తే, ఆయన మొదటిసారి నిలబడిన రోజుల్లో శాసనసభ అభ్యర్థి డిపాజిట్టు 250 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఇప్పుడు 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. ఖర్చు పరిమితి ఆయన చివరిసారి గెలిచిన 2004లో 10 లక్షలు, 2022 నుంచి 40 లక్షలు. అసలు ఖర్చు ఈ పరిమితికి ఎన్ని రెట్లు ఉంటుందో ఎన్నికల ముందు వారం ఏ మండల కేంద్రంలోనైనా ఒక పూట కూర్చుంటే తెలిసిపోతుంది. అయినా నా సమాధానం సాధ్యం కాదని కాదు. డబ్బు లేని అభ్యర్థి ఎన్నికలకు ఆరు నెలల ముందు వచ్చి, తన నిజాయితీని చూపి ఓటు అడిగితే డిపాజిట్టు కూడా దక్కదు, అటువంటి మంచివాళ్ళను నేను చాలామందిని చూశాను. డబ్బుకు బదులుగా ఇరవై ఏళ్ళ పని ఉండాలి, ఆ పని జనానికి రూపాయల్లో కనిపించే లాభం ఇచ్చి ఉండాలి, తునికాకు కట్ట రేటులాగా. అటువంటి పని ఈనాడు ఏ రంగంలో ఉందో, ఎవరు చేస్తున్నారో వెతకడం సైకిల్ ఫొటో పంచుకోవడం కంటే కష్టం.

చివరగా, మీరు దీనిపై రాయాలనుకుంటున్నట్టు చెప్పారు కాబట్టి ఒక సూచన. ఎన్నికల సంఘం ప్రచురించిన గణాంక నివేదికల్లో 1983 నుంచి 2009 వరకు ఇల్లందు పేజీలను పక్కపక్కన పెట్టుకుని, గెలిచిన ఓట్లను కాక రెండు, మూడు స్థానాల ఓట్ల మొత్తాన్ని చూడండి. పైన నేను చెప్పిన కూటమి వాదన నిలుస్తుందో లేదో అక్కడే తేలుతుంది. ఆపైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చల సంపుటాల్లో ఆయన పేరుతో ఉన్న ప్రశ్నలను తీసి, వాటిలో అటవీ శాఖవి ఎన్ని, గనుల శాఖవి ఎన్ని, రెవెన్యూవి ఎన్ని అని విడదీయండి. రెండు మూడు రోజుల పని. ఆ పట్టిక తయారైతే నాకూ పంపండి, నా అంచనా తప్పని తేలినా చూడాలనే ఉంది.